ఇంటి కుండ – అంగడి సీసా

మద్యమను మాట చెవిని పడగానే పట్టణవాసుల మనస్సునకు రెండు తలపులు తోచును. ఒకటి దుకాణము, రెండవది నిషేధము. పూర్వపు ఖమ్మము జిల్లా తూర్పుటంచున, భద్రాచలము అడవుల నీడను నివసించు కోయలకును, కొండరెడ్లకును తోచునది వేరు. వారికి మొదట కనబడునది చెట్టు. ఫాల్గుణమున పూలు రాల్చు ఇప్పచెట్టు, కొండవాగుల చల్లదనమున నెదుగు జీలుగుచెట్టు, చేనిగట్టున నిలిచిన తాడిచెట్టు. చెట్టు తరువాత కుండ. కుండ తరువాత పండుగ. దుకాణము ఆ వరుసలో చాల ఆలస్యముగా వచ్చి చేరినది.

ఈ ప్రసంగమున మేము మద్యమును పొగడ బూనలేదు. తెగడుటయు మా యుద్దేశము కాదు. ఇంటిలో తమకొరకు తయారు చేసికొను పానీయమునకును, లాభముకొరకు అంగట నమ్ము పానీయమునకును గల భేదమెట్టిది, ఆ భేదమును ప్రభుత్వములు గుర్తింపనపుడు ఏమి జరిగినది, గుర్తించిన పిదప ఏమి మిగిలినది అను విషయములను మాత్రము శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ముందుగా ఈ నేలను గూర్చి ఒక మాట. భద్రాచలము తాలూకా 1860లో నిజాము ఏలుబడి నుండి ఆంగ్లేయుల పాలనకు వచ్చినది. కొంతకాలము మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసు రాజధానియందలి గోదావరి జిల్లాలో చేరినది. 1959లో ఖమ్మము జిల్లాకు మార్చబడినది. 2014లో కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మున్నగు మండలములు ఆంధ్రప్రదేశములో కలిసినవి. భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందినది. పటములపై గీతలిన్ని మారులు మారినను, గీతకు ఈవలనున్న ఇప్పపూవు, ఆవలనున్న ఇప్పపూవు ఒకే వేకువను రాలుచుండును.

ఇప్పపూవు రాత్రివేళ విచ్చి, తెల్లవారుజామున నేలరాలును. మార్చి, ఏప్రిల్ నెలలలో కొన్ని వారములపాటు ఈ రాలుడు సాగును. పూవు మీగడరంగున గుండ్రముగ, కండగలిగి, తేనెవలె తియ్యగా నుండును. స్త్రీలు, పిల్లలు చీకటి విడువకమునుపే బుట్టలతో చెట్లక్రిందికి పోవుదురు. ఆలస్యమైనచో ఎండకు పూవు వాడును, పశువులు తినును, ఎలుగుబంట్లకును ఈ తీపి మిక్కిలి ప్రియము. ఎలుగు తిరుగు తావులలో ఒంటిగా పోవుట ప్రాణాపాయము గనుక గుంపులుగా పోవుట వాడుక. ఏ చెట్టు ఏ కుటుంబమువారు ఏరుకొనునదో గ్రామమునందరు ఎరుగుదురు. దానికి పట్టా లేదు, సర్వే సంఖ్య లేదు. తాతలనాటి వాడుకయే హక్కు. పోడుకొరకు అడవి నరకునపుడును ఇప్పచెట్టును గొడ్డలి తాకనీయరు.

ఏరిన పూవు నంతయు మద్యమునకే వినియోగింతురని తలచుట పొరపాటు. ఎండబెట్టిన ఇప్పపూవు బరువులో సగమునకు మించి చక్కెరయే. ధాన్యము నిండుకొను వేసవి దినములలో దానిని ఉడికించి తిందురు. వేయించి, దంచి, ఇతర గింజలతో కలిపి తిందురు. పూవు తరువాత కాయ. కాయలోని గింజ నుండి నూనె. వంటకును, దీపమునకును ఆ నూనెయే అక్కరకు వచ్చెడిది. కరవుకాలములలో ఇప్పచెట్టు ఎన్ని ప్రాణములను నిలిపినదో లెక్క వ్రాసియుంచినవారు లేరు.

ఇక పానీయము సంగతి. ఎండిన పూలను కుండలో నీరు పోసి నానవేయుదురు. వేడిమిని బట్టి నాలుగైదు దినములు, చలిదినములైనచో అంతకు ఎక్కువ, అది పులియును. పొంగు అణగి, వాసన మారి, చెవియొగ్గిన వినవచ్చు చిటపట ధ్వని నిలిచినపుడు పులియుట ముగిసినదని పెద్దలు చెప్పుదురు. పిదప కుండను పొయ్యిపై నెక్కించి, ఆవిరిని చల్లార్చి, చుక్కలు చుక్కలుగా పట్టుదురు. అదియే ఇప్పసారా. పూలతోను నీటితోను తప్ప మరి దేనితోను పనిలేదు. మొదటి ధార భూమికి, పెద్దలకు అర్పించి గాని నోట పోసికొనరు. విత్తనాల పండుగనాడు, కొత్తల పండుగనాడు, పెండ్లినాడు, చావునాడు అది కావలెను. తప్పు చేసినవానిని తిరిగి కులములో కలుపుకొనునపుడును, తగవు తీరినదని పదిమంది యెదుట చాటునపుడును అది కావలెను. పట్టణములో కాగితముపై ముద్ర చేయు పనిని ఇచ్చట ఆకుదొప్పలోని నాలుగు గుక్కలు చేసెడివి.

జీలుగుది వేరొక పద్ధతి. దానిని పొయ్యిపై కాచు పనిలేదు. చెట్టు ఎదిగి పూతకు వచ్చుటకు పది పదునైదేండ్లు పట్టును. పూత మొదట తలయొద్ద పుట్టి, ఏటేట ఒక్కొక్క కణుపు క్రిందికి దిగుచు, చివరి గెల దిగిన పిదప చెట్టే చనిపోవును. ఆ గెలను గీసి కుండ కట్టినచో తియ్యని రసము దిగును. వేకువను దించినది తీపి, ప్రొద్దెక్కినకొలది పులుపు, మరునాటికి అది త్రాగుటకు తగదు. చెట్టు పడిపోయిన పిదప దాని మొదలులోని పిండిని దంచి, వడిచి, జావ కాచుకొందురు. పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల నడుమ 1940 దశకమున సంచరించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రకటించిన తన గ్రంథమున ఈ జీలుగును గూర్చి విపులముగా వ్రాసెను. వేసవిలో జీలుగుకల్లు వారికి పానీయము మాత్రమే కాదు, ఆహారము కూడ.

ఇందు శ్రోతలు గమనింపదగిన దొకటి కలదు. ఇంటి మద్యమునకు నాలుగు కంచెలున్నవి. మొదటిది ఋతువు: పూవు రాలినపుడే పూవు, గెల దిగినపుడే కల్లు. రెండవది పరిమాణము: కుండ ఎంతో పానీయమంతయే. మూడవది సందర్భము: పండుగయో, పెండ్లియో ఉండవలెను. నాలుగవది పరివారము: త్రాగువాడు తల్లి యెదుట, మామ యెదుట, ఊరిపెద్ద యెదుట త్రాగును. మితము తప్పినవాడు లేడని మేమనము. తప్పినపుడు చూచి, మందలించువారు చెంతనే యుండిరని మాత్రము చెప్పుచున్నాము.

ఇంట కాచుకొను అలవాటు మన యడవులకే పరిమితము కాదు. ఇంగ్లండులో బిట్టర్ అను బీరు కలదు. పేరుకు తగినట్లు కొంచెము చేదు. బార్లీగింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, పగులగొట్టి, సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల నీటిలో గంటయో, గంటన్నరయో నానవేయుదురు. అపుడు గింజలోని పిండి చక్కెరగా మారును. ఆ తీపిరసమును వడగట్టి, హాప్స్ అను తీగకు పూచు పూలను వేసి గంటసేపు మరిగింతురు. చేదును, సువాసనయు ఆ పూల వలననే. చల్లార్చిన పిదప ఈస్టు కలిపినచో వారము దినములలో పులియును. కొంతకాలము పీపాలో నిలువయుంచి, మంచుచల్లన కాక నేలమాళిగ చల్లదనముననే త్రాగుదురు. దానిలో మద్యసారము నూటికి నాలుగుపాళ్ల చుట్టుప్రక్కల నుండును. మన కల్లుది ఇంచుమించు అంతే. బర్టన్ అను పట్టణపు నీటిలో జిప్సము హెచ్చుగా నుండుట చేత అచ్చటి బీరుకు ప్రత్యేకమైన రుచి కలిగి, పందొమ్మిదవ శతాబ్దమున అది పీపాలలో మన దేశపు రేవులకు గూడ దిగుమతియయ్యెను.

బార్లీ వేరు, ఇప్ప వేరు, జీలుగు వేరు. కాని కుండలో పనిచేయు సేవకుడొక్కడే. కంటికి కానరాని ఆ ఈస్టు చక్కెరను తిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును విడుచును. బీరును గూర్చి పాశ్చరు మహాశయుడు చేసిన పరిశోధనలు 1876లో గ్రంథరూపమున వెలువడినవి. కోయ ముసలమ్మ చెవియొగ్గి వినెడి చిటపట ధ్వనికి ప్రయోగశాల చెప్పిన యర్థము ఆ వాయుబుద్బుదములే.

ఇంగ్లండు ప్రభుత్వము ఇంటి బీరును ఎట్లు చూచినది? 1880లో ప్రధానియైన గ్లాడ్‌స్టన్ మొలకబార్లీపైనున్న పన్నును తీసివేసి, దానికి బదులు బీరుపైననే పన్ను విధించెను. ఆనాటి నుండి ఇంట కాచుకొనువాడును అనుమతిపత్రము తీసికొనవలసి వచ్చెను. ఎనుబదిమూడేండ్ల పిదప, 1963లో, ఆర్థికమంత్రి మాడ్లింగు ఆ నిర్బంధమును ఎత్తివేసెను. తనకొరకు ఎంతయైన కాచుకొనవచ్చును, అమ్మరాదు. అంతియే కట్టడి. అమెరికాలో ఇట్టి స్వేచ్ఛ నొసగు చట్టము 1978లో వచ్చినది. ఇంగ్లండున పిమ్మట ఒక చిత్రము జరిగినది. పెద్ద కంపెనీలు పీపాబీరును తగ్గించి, వాయువు నింపిన బీరును జనముపై రుద్దుచున్నవని 1971లో త్రాగువారే ఒక ఉద్యమము లేవదీసిరి. డేవ్ లైన్ అను రచయిత, అంగడిలో పేరుమోసిన బీర్లను ఇంటిలో నెట్లు కాచుకొనవచ్చునో వివరించుచు 1978లో ఒక పుస్తకము ప్రకటించెను. అనగా, అచ్చట ఇల్లు అంగడిని అనుకరించి, రుచిలో దానితో పోటీపడినది. మన యడవిలో నడచిన కథ దీనికి తలక్రిందు. ఇచ్చట అంగడి ఇంటిలోనికి చొరబడి, ఇంటి కుండను పగులగొట్టినది.

ఆ కథకు మొదటి యధ్యాయము రంప తిరుగుబాటు. గ్లాడ్‌స్టన్ ఇంటి బీరుకు అనుమతిపత్రము పెట్టుటకు సరిగా ఒక యేడు ముందు, 1879 మార్చిలో, గోదావరి మన్యము భగ్గుమన్నది. కారణములు పెక్కు; వానిలో ముఖ్యమైనది కల్లు. కొండవారు అంతవరకు తమ చెట్లను తామే గీచుకొని త్రాగుచుండిరి. క్రొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటి వాడుకకు కల్లు దించుటను నిషేధించి, కల్లు ఆదాయమును గుత్తేదారుల పరము చేసినవి. చిగురుపన్ను, మొదలుపన్ను అను పేర్లతో జరిగిన వసూళ్లు దీనికి తోడైనవి. తన పెరటిచెట్టు కల్లు త్రాగుటకు పైవానికి రూకలు చెల్లింపవలెననుట కొండవానికి బోధపడలేదు. పోలీసు ఠాణాలపై దాడులు జరిగినవి. కారం తమ్మనదొర, ద్వారబంధాల చంద్రయ్య మున్నగువారు నాయకులైరి.

ఆ మంట భద్రాచలము తాలూకాలోని రేకపల్లి సీమకును వ్యాపించినది. మధ్యపరగణాల పాలనలో అచ్చట పోడుకు గొడ్డలికి నాలుగణాలు చెల్లించిన చాలెడిది. 1874లో మద్రాసు పాలనలో చేరిన పిదప ఆ పన్ను ఇంచుమించు మూడింతలైనది. కొన్ని యడవులలో అడుగిడరాదనిరి. చెట్టుపైని కల్లును, చెట్టుక్రింది నేలను ఒక్కమారే పోగొట్టుకొన్నవాడు తిరుగబడుటలో వింతలేదు. సైన్యములు వచ్చి, 1880లో తిరుగుబాటు అణచబడినది. ఖజానాకు కల్లుగుత్త తెచ్చిన రూకలెన్నియో, దానిని నిలుపుకొనుటకు పోలీసులకును సైన్యములకును వెచ్చించిన రూకలెన్నియో పోల్చి చూచుకొన్నచో, ఆ బేరము ఎవరికి లాభించినదో తెలియగలదు.

రెండవ యధ్యాయము నిశ్శబ్దముగా నడచినది. రోడ్లు వచ్చినవి, బొగ్గుగనులు వచ్చినవి, కూలి రొక్కముగా చేతికి వచ్చినది. రొక్కమువెంట దుకాణము వచ్చినది. పూవు రాలు ఋతువునకై వేచియుండనక్కరలేని బెల్లపుసారా వచ్చినది. బెల్లము, నీరు, త్వరగా పులియుటకును మత్తు హెచ్చుటకును కలుపు నవసాగరము వంటి వస్తువులు, ఏ యడవిచెట్టునకును సంబంధములేని పానీయమది. మైదానపు అంగళ్లలో కల్లుకును మత్తుమందులు కలుపు దురాచారము ప్రబలినది. నాలుగు కంచెలును ఒక్కసారిగా కూలినవి. ఋతువు లేదు, పరిమాణము లేదు, సందర్భము లేదు, మందలించు పెద్ద చెంత లేడు. అప్పుమీద త్రాగుట, అప్పుక్రింద ధాన్యము కొలుచుట, చివరకు చేను తాకట్టుపెట్టుట – ఈ వరుస మన్యములో ఎందరి యనుభవమో!

మద్యముపై స్త్రీల మాట వినక ఈ విషయమును ముగించుట న్యాయము కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతట వ్యాపించిన సారావ్యతిరేకోద్యమమును శ్రోతలెరుగుదురు. దాని ఫలితముగా 1993 అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రమున సారా అమ్మకము నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలినది. ఆ స్త్రీలు ఎదిరించినది దుకాణమును, పాటను, పొట్లపుసారాను. ఇంటికి రావలసిన కూలి దారిలోనే కరగిపోవుటను. కాని నిషేధపుచట్టమును అమలుపరచు చేయి అడవిలోనికి వచ్చునపుడు, పొట్లపుసారా కాచు వ్యాపారి కంటె పండుగకు పూలు నానవేసిన ముసలివాడే సులభముగా చిక్కును. వ్యాపారికి బండి కలదు, పరిచయములు కలవు. ముసలివానికి కుండ మాత్రమే కలదు.

ఈ భేదమును ప్రభుత్వము గుర్తింపలేదని చెప్పరాదు. 1970 దశకము నడుమ కేంద్రప్రభుత్వము గిరిజన ప్రాంతముల ఆబ్కారీ విధానమునకు మార్గదర్శక సూత్రములు ప్రకటించెను. వానిలో రెండు ముఖ్యమైనవి. గిరిజన ప్రాంతములలో మద్యపు వ్యాపారము నిలిపివేయవలెను. గిరిజనులు తమ సంప్రదాయపానీయములను తమ వాడుకకు, అమ్మకమునకు గాక, తయారుచేసికొనుటను అనుమతింపవలెను. ఇంగ్లండున 1963లో చెప్పబడిన సూత్రమునకును దీనికిని సారమొక్కటియే. 1996లో పార్లమెంటు చేసిన షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ చట్టము, పెసా అని మనము పిలుచునది, ఇంకొక యడుగు ముందుకు వేసినది. మత్తుపదార్థముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకో, నియంత్రించుటకో, పరిమితము చేయుటకో గల యధికారమును గ్రామసభకును తగిన స్థాయి పంచాయతీకిని ఒసగవలెనని రాష్ట్రములను ఆదేశించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో దానికి నియమావళి 2011లో వెలువడినది.

చట్టములో అక్షరమున్నది. అక్షరము గూడెమువరకు నడచుటయే మిగిలినది. గ్రామసభ యనగా సంతకములకై త్రిప్పబడు పుస్తకము కాదు. ఇప్పచెట్టుక్రింద గూర్చున్న ఆడువారు, మగవారు, ముసలివారు, పడుచువారు. ఏ పండుగకు ఎన్ని కుండలు కాచవచ్చును, బయటి వ్యాపారిని ఊరిలోనికి రానీయవలెనా వలదా, త్రాగి భార్యను కొట్టినవానికి దండుగ యేమి అను ప్రశ్నలకు జవాబు చెప్పదగినవారు వారే. ఒక గూడెము కుండను పూర్తిగా మానుకొనవచ్చును. వేరొక గూడెము పండుగకు మాత్రము ఉంచుకొనవచ్చును. రెండును గౌరవింపదగిన తీర్మానములే. బయటినుండి వచ్చి కుండ పగులగొట్టుట కంటె, లోనివారు కుండకు మూత వేయుట మేలు. ఆ సభలో స్త్రీల మాటకు బరువు లేనిచో మాత్రము ఈ యధికారమంతయు తిరిగి త్రాగువాని చేతనే పడును. ఆ మెలకువ అవసరము.

ఇప్పపూవును మద్యముగా గాక ఆహారముగా అంగటికి చేర్చు ప్రయత్నములును జరుగుచున్నవి. 1956లో నెలకొల్పబడిన గిరిజన సహకార సంస్థ అడవిపంటలను కొనుచున్నది. వానిలో ఇప్పపూవును, ఇప్పగింజయు కలవు. ఆదిలాబాదు సీమలోని ఉట్నూరున ఆదివాసి స్త్రీల సంఘము ఇప్పపూల లడ్డూలు తయారుచేసి పేరు గడించినది. తాతలనాటి వేసవి తిండి, బెల్లముతో నువ్వులతో కలిసి, తిరిగి పిల్లల చేతికి వచ్చుచున్నది. వేకువను ఎలుగుభయముతో పూలేరిన స్త్రీకి తగిన వెల దొరకుట ఇందలి ముఖ్యవిషయము.

చివరకు చెట్టుమాట చెప్పవలెను. ఇప్పచెట్టు నిదానముగ పెరుగును. జీలుగు ఒక్కమారే కాపునకు వచ్చి చనిపోవును. పూలేరుటకు వీలుగా చెట్టుక్రింది ఆకులకు నిప్పుపెట్టు అలవాటు వలన చిన్నమొక్కలు మాడిపోవుచున్నవి. చెట్టుక్రింద వలయో, గుడ్డయో పరచుకొన్నచో నిప్పు అవసరముండదు. పూవును శుభ్రముగ దొరకును. పోలవరము జలాశయమునకై గోదావరి యొడ్డు గూడెములను విడిచినవారు ఇల్లు కట్టుకొనగలిగిరి; నేలకు నేల పొందినవారును గలరు. కాని తాతనాటి ఇప్పచెట్టును వెంట తీసికొని పోలేరు. నష్టపరిహారపు పట్టికలో చెట్టుకు వెల కట్టవచ్చును. ఏ చెట్టు ఎవరిదో ఊరంతకు తెలిసియుండు ఆ యెరుకకు పట్టికలో వరుస లేదు. క్రొత్త కాలనీల వాకిళ్లలో ఇప్పమొక్కలు, జీలుగుమొక్కలు నాటించుట అంత కష్టమైన పని కాదు. నేడు నాటిన జీలుగు పది పదునైదేండ్లకు గెల వేయును. నాటి పిల్లలు దానితో కల్లు దింతురో, పిండి దంచి జావ కాతురో, ఆ నిర్ణయము వారికే విడుతము. చెట్టు ఉన్నచో గదా ఆ నిర్ణయమునకు తావుండును!